తప్పుకునే దారి తెరిచి ఉన్నప్పుడు

ఏటా నవంబరు 15 వస్తే మన ఆశ్రమ పాఠశాలల్లో బిర్సా ముండా పటానికి దండ వేస్తాం. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం. ఆశ్వయుజ పౌర్ణమికి జోడేఘాట్‌లో కుమ్రం భీం వర్ధంతి. పిల్లలు రాసుకొచ్చిన కాగితం చదువుతారు: 1875లో ఉలిహాతులో పుట్టాడు, 1900 జూన్ 9న రాంచీ జైల్లో కన్నుమూశాడు, ఆయన అడుగుజాడల్లో నడుద్దాం. చప్పట్లు కొడతారు, మిఠాయి పంచుతారు. ఇదంతా వద్దని మేము అనడం లేదు. ఒకప్పుడు మన బడి గోడ మీద మన మనిషి పటమే ఉండేది కాదు. ఇప్పుడు ఉంది, సంతోషం.

కానీ ఆ చివరి మాట దగ్గర మాకు ఒక అనుమానం. అడుగుజాడల్లో నడవాలంటే ఏ అడుగు? బిర్సా చనిపోయేనాటికి ఆయనకు నిండా ఇరవై అయిదేళ్ళు లేవు. విల్లంబులతో బ్రిటిషు తుపాకులకు ఎదురు నిలబడ్డాడు. ఉట్నూరులోనో పాడేరులోనో తొమ్మిదో తరగతి చదివే పిల్లవాడు ఇందులో ఏ అడుగులో తన అడుగు వెయ్యాలి? వాడి ముందు సైన్యం లేదు. వాడి ముందున్నవి పదో తరగతి పరీక్ష, ఇంటి దగ్గర అప్పు, హాస్టల్లో తన భాష మాట్లాడితే నవ్వే తోటి పిల్లలు.

గొప్పవాళ్ళ కథ మనం చెప్పే తీరులోనే ఏదో లోపం ఉంది. ధైర్యవంతుడు, త్యాగశీలి, నిజాయితీపరుడు, పట్టుదల గలవాడు అంటాం. భీం గురించి రాసిన వ్యాసంలో పేరు కొట్టేసి బిర్సా పేరు రాస్తే ఎవరూ కనిపెట్టలేరు. అందరికీ సరిపోయే చొక్కా ఎవరికీ సరిగ్గా సరిపోదు. ఇంకొందరు ఆ మనిషి పుట్టుకతోనే దేవుడన్నట్టు చెబుతారు. పుట్టుకతోనే దేవుడైతే ఆయన నుంచి మనం నేర్చుకోవడానికి ఏముంటుంది, మొక్కడం తప్ప?

ఒక మనిషి గుణం తెలుసుకోవాలంటే, పక్కకు తప్పుకునే దారి తన ముందు తెరిచి ఉన్నప్పుడు ఆ మనిషి ఏం చేశాడో చూడాలని మాకు అనిపిస్తుంది. వేరే దారి లేక పోరాడినవాడిని చూస్తే జాలి, గౌరవం రెండూ కలుగుతాయి. కానీ హాయిగా వెళ్ళిపోగలిగి కూడా వెళ్ళనివాడి దగ్గర ఆగి ఆలోచించాలి.

కుమ్రం భీం కథనే చూడండి. మనం తుపాకీ దగ్గర మొదలుపెడతాం, జోడేఘాట్ గుట్ట దగ్గర ముగిస్తాం. మధ్యలో ఒక వాక్యం ఉంటుంది, దాన్ని గబగబా దాటేస్తాం. పంట దగ్గర గొడవలో సిద్దీఖ్ అనే భూస్వామి చనిపోయాక భీం ఊరు విడిచాడు. చాందా వైపు వెళ్ళాడు, అక్కడి నుంచి అస్సాం తేయాకు తోటలకు పోయి కొన్నేళ్ళు పనిచేశాడు. ఆ తిరుగుడులోనే చదవడం, రాయడం నేర్చుకున్నాడు. ఈ వివరాల్లో చాలావరకు మన పెద్దల నోటి నుంచి వచ్చినవే. అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన నవల ద్వారా చాలామందికి చేరాయి. నోటిమాట గనుక ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెబుతారు. అయినా ఒక సంగతి అందరి కథలోనూ ఉంది. ఆయన తిరిగి వచ్చాడు.

ఆ తిరిగి రావడం దగ్గర కొంచెంసేపు కూచుందాం. అస్సాంలో ఆయన ఎవరో ఎవరికీ తెలియదు. నాలుగు అక్షరాలు వచ్చు. కష్టపడితే కూలి దొరుకుతుంది. ఇక్కడికి వస్తే కేసు ఉంది, జంగ్లాతు వాళ్ళున్నారు, పట్టా లేని భూములున్నాయి. అక్కడే ఒక ఇల్లు కట్టుకుని ఉండిపోయి ఉంటే ఆయన్ని తప్పు పట్టేవాళ్ళు ఎవరూ ఉండరు. అసలు ఆయన పేరే మనకు తెలిసేది కాదు. నేర్చుకున్న అక్షరాలను మూటగట్టుకుని, వాటి అవసరం ఎక్కువున్న చోటికి వచ్చాడు. తర్వాత అర్జీలు పెట్టించడానికి, సర్కారుతో మాట్లాడడానికి ఆ అక్షరాలే పనికివచ్చాయని చెబుతారు. తుపాకీ పట్టడానికి ముందు ఆయన చాలా కాలం కాగితం పట్టుకుని తిరిగాడు.

రెండో దారి ఇంకా మెత్తనిది. పోరాటం ముదిరాక అధికారులు వచ్చి, నీకూ నీవాళ్ళకూ పట్టాలిస్తాం, ఇక ఆపెయ్యి అన్నారని మన పెద్దలు చెబుతారు. భూమి కోసమే కదా పోరాటం, భూమి ఇస్తామంటే ఎందుకు కాదన్నాడు? ఎందుకంటే ఇస్తామన్నది ఆయనకు. ఆయన అడుగుతున్నది పన్నెండు గూడేలకు. తనకు దొరికింది చాలనుకుంటే మిగిలిన ఊళ్ళు ఒంటరివైపోతాయి. చెడ్డ దారి అయితే ఎవరైనా కాదంటారు. మంచి వస్తువునే చేతిలో పెట్టి, నీ పక్కవాడిని మాత్రం వదిలెయ్యమంటే కాదనడం కష్టం. 1940లో ఆయన్ని చంపేశారు. ఆ తర్వాతే నిజాం ప్రభుత్వం గోండుల కష్టాలేమిటో చూడమని హైమన్‌డార్ఫ్‌ను పంపింది. పట్టాలు వచ్చాయి, మార్లవాయిలో 1943లో గోండు పంతుళ్ళకు శిక్షణ మొదలైంది. మన బడుల పుట్టుక అక్కడుంది. ఈ పుస్తకం చదివే పంతుళ్ళు ఆ మాట మరవకూడదు.

ఇప్పుడు మన సంగతి. మెత్తని దారులు మన ముందు లేవా? ఏజెన్సీలో 1970 నాటి 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులు భూమి కొనకూడదు. అయినా కొంటున్నారు. ఎలా కొంటున్నారో ఈ పుస్తకం చదివేవాళ్ళలో చాలామందికి తెలుసు. మన పేరు మీద కొంటున్నారు. రోడ్డు పక్క స్థలం, హోటలు, పెట్రోలు బంకు, కాగితం మీద మాత్రం ఒక ఆదివాసీ యువకుడి పేరు. సంతకం పెట్టినందుకు ఎంతో కొంత చేతిలో పడుతుంది. చదువుకున్న కుర్రాడు గనుక ఆధార్, బ్యాంకు ఖాతా, కుల ధ్రువీకరణ పత్రం అన్నీ సిద్ధంగా ఉంటాయి. మన పెద్దలు వేలిముద్ర వేసి మోసపోయారు. వాళ్ళకు చదువు రాదు. మనం చదివి, అర్థం చేసుకుని, సంతకం పెడుతున్నాం. ఏమంటే, నేను పెట్టకపోతే ఇంకొకడు పెడతాడు అంటాం. భీం కూడా ఆ మాట అనవచ్చు. నేను తీసుకోకపోతే పట్టా ఇంకొకడు తీసుకుంటాడు అని.

ఇంకో దారి ఉంది, అది ఎవరికీ కనిపించదు. ఉద్యోగం వచ్చి పట్నంలో అద్దె గది తీసుకుంటాం. ఇంటి పేరు అడిగితే నసుగుతాం. ఫోనులో అమ్మతో గోండీలోనో కోయలోనో మాట్లాడాల్సి వస్తే గది బయటికి వెళ్తాం. సర్టిఫికెట్ కావాల్సినప్పుడు ఆదివాసీలం, మిగతా పదకొండు నెలలూ కాము. దీన్ని నేరం అనలేం. అవమానం పడ్డవాడు దాక్కోవడం సహజం. అయితే దాక్కోవలసిన అవసరం మనకంటే వందరెట్లు ఎక్కువ ఉన్న ఒక మనిషి కథ చెప్పుకోవాలి.

జైపాల్ సింగ్ ముండా 1903లో రాంచీ దగ్గరి ఖుంటి ప్రాంతంలో, టక్రా పాహన్‌టోలిలో పుట్టాడు. పశువులు కాసిన పిల్లవాడు. రాంచీలో మిషనరీల బడిలో చేరాడు. అక్కడి ప్రిన్సిపాలు ఆయన్ని ఇంగ్లండు తీసుకెళ్ళాడు. ఆక్స్‌ఫర్డ్‌లో అర్థశాస్త్రం చదివాడు, హాకీ ఆడాడు. ఐ.సి.ఎస్.కు ఎంపికయ్యాడు. అంటే ఆనాటి లెక్కలో ఒక భారతీయుడు చేరుకోగల అతి పెద్ద కుర్చీ. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కు భారత హాకీ జట్టుకు నాయకుడిగా పిలుపు వచ్చింది. సెలవు ఇవ్వమన్నారు. ఆయన వెళ్ళాడు. భారత్‌కు తొలి హాకీ స్వర్ణం వచ్చింది ఆ ఒలింపిక్స్‌లోనే. అయితే ఫైనల్లో ఆయన ఆడలేదు, అంతకు ముందే జట్టును వదిలి వచ్చేశాడు. ఐ.సి.ఎస్. కూడా అంతటితో పోయింది.

ఆ తర్వాత ఆయన వెంటనే పరుగెత్తి ముండా గూడేలకు రాలేదు. ఇది ముఖ్యం. చమురు కంపెనీలో చేశాడు, ఆఫ్రికాలో గోల్డ్‌కోస్ట్‌లో పాఠాలు చెప్పాడు, రాయపూర్‌లో రాజకుమారుల కాలేజీలో చెప్పాడు, బికనీర్ సంస్థానంలో కొలువు చేశాడు. సూటు, టై, దొరల మధ్య భోజనం. 1939లో రాంచీలో ఆదివాసీ మహాసభకు అధ్యక్షుడయ్యేనాటికి ఆయనకు ముప్పై ఆరేళ్ళు. అంతవరకూ ఆయన జీవితం ఒక పెద్ద ఉద్యోగి జీవితం. ఈ సంగతి మన యువకులకు తప్పక చెప్పాలి. ఎందుకంటే ఊరికి దూరంగా ఉన్నవాళ్ళందరినీ ద్రోహులనే అలవాటు మనలో పెరుగుతోంది. ఎవరి వేళ ఎప్పుడు వస్తుందో చెప్పలేం.

1946 డిసెంబరు 19న ఆయన రాజ్యాంగ సభలో లేచి మాట్లాడాడు. దేశంలో పేరున్న న్యాయవాదులు, పండితులు కూర్చున్న సభ అది. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషులో మాట్లాడుతూ, నేను జంగ్లీనని చెప్పుకోవడానికి గర్వపడుతున్నాను అన్న అర్థం వచ్చేలా చెప్పాడు. ప్రజాస్వామ్యం ఆదివాసీలకు ఎవరూ నేర్పక్కర్లేదు, వాళ్ళ దగ్గరే నేర్చుకోవాలన్నాడు. రాజ్యాంగం హిందీ అనువాదంలో మనకు ఏ పేరు పెట్టాలన్న మాట వచ్చినప్పుడు కూడా ఆదివాసీ అనే పదం కోసమే పట్టుబట్టాడు. ఆయన ఆ సభలో తన చదువు పేరుతో, ఆట పేరుతో మర్యాద పొందగలడు. ఎవరూ ఆయన్ని జంగ్లీ అనేవాళ్ళు కాదు. తనను అననివాళ్ళ ముందు, తనవాళ్ళను అనే మాటను తానే నెత్తిన పెట్టుకున్నాడు. అమ్మ ఫోను వస్తే గది బయటికి వెళ్ళే మనకు ఇందులో ఒక అడుగు కనిపిస్తుంది. చిన్న అడుగే, గదిలోనే కూర్చుని మాట్లాడడం.

ఇక్కడితో ఆపేస్తే జైపాల్ సింగ్ కథ చక్కగా ఉంటుంది. కానీ కథ ఇక్కడ ఆగలేదు. ఆయన పెట్టిన జార్ఖండ్ పార్టీ 1952 ఎన్నికల్లో బీహారు శాసనసభలో ప్రధాన ప్రతిపక్షమైంది. తర్వాత బలం తగ్గుతూ వచ్చింది. 1963లో ఆయన పార్టీని కాంగ్రెస్‌లో కలిపేశాడు. ప్రత్యేక రాష్ట్రం కోసం ఆయన వెంట నడిచినవాళ్ళు దీన్ని మోసంగా చూశారు. కొందరు పదవి కోసమన్నారు, కొందరు అధికారంలో ఉన్న పార్టీ లోపలి నుంచి రాష్ట్రం తేవచ్చని నమ్మాడన్నారు. ఆయన 1970లో చనిపోయాడు. రాష్ట్రం 2000లో వచ్చింది, బిర్సా పుట్టినరోజున.

పంతుళ్ళు ఈ చివరి భాగం పిల్లలకు చెప్పాలా? చెప్పకూడదని కొందరంటారు. మనకున్న పెద్దలే కొద్దిమంది, వాళ్ళ తప్పులు కూడా మనమే చాటుకోవాలా అని. ఆ బాధ మాకు అర్థమవుతుంది. అయినా చెప్పాలనే మా అభిప్రాయం. 1928లో పెద్ద కుర్చీ వదులుకున్న మనిషే 1963లో ఆ నిర్ణయం తీసుకున్నాడు. అంటే గుణం ఒకసారి సంపాదించుకుంటే జీవితాంతం చెల్లే సర్టిఫికెట్ కాదేమో. ప్రతి దారి దగ్గరా మళ్ళీ మొదటి నుంచి తేల్చుకోవలసిందే. ఇది తెలియని పిల్లవాడు, మా నాయకుడు ఎప్పుడో జైలుకు వెళ్ళాడు గనుక ఇప్పుడేం చేసినా సరే అనుకుంటాడు. మన సంఘాల్లో ఈ జబ్బు లేదని ఎవరైనా అనగలరా?

దీనికి ఎదురు కథ మన మన్యంలోనే ఉంది. 1922లో మొదలైన రంప పితూరీ అంటే అందరికీ అల్లూరి సీతారామరాజు గుర్తుకొస్తాడు. ఆయన వెంట ఉన్న గాం గంటం దొర, గాం మల్లు దొర అన్నదమ్ములను ఒక్క వాక్యంలో చెప్పి వదిలేస్తాం. గంటం దొర బట్టిపనుకుల మునసబు. గూడెం తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనికి మన్యం జనాన్ని బలవంతంగా తోలిన కాలం అది. గంటం దొర మునసబు పదవి కూడా ఆ బాస్టియన్ చేతిలోనే పోయింది. తమ్ముడు మల్లు దొర మంచి పోరాటగాడు. కానీ ఆయనకు తాగుడు, ఇతర బలహీనతలు ఉండేవని, రాజు మందలించాడని, 1923లో పోలీసులకు దొరికిపోవడానికి కూడా అవే కారణమని ఆ పితూరీ గురించి రాసినవాళ్ళు చెబుతారు.

తర్వాత ఏమైంది? మరణశిక్ష పడింది. అది యావజ్జీవ శిక్షగా మారి అండమాను పంపారు. రాజును 1924 మే 7న కాల్చి చంపారు. అన్న గంటం దొర కూడా అదే ఏడాది పోరాటంలో పోయాడు. మల్లు దొర బతికి బయటికి వచ్చాడు. 1952లో స్వతంత్ర భారతదేశపు మొదటి లోక్‌సభకు విశాఖపట్నం నుంచి ఎన్నికయ్యాడు. బలహీనత ఉన్న మనిషని ఓటు వేసినవాళ్ళకు తెలియదా? మన్యంలో అందరికీ అందరి సంగతీ తెలుసు. తెలిసే వేశారు. ఒక మనిషిని ఒక్క రాత్రితో కొలవని తెలివి ఆ జనానికి ఉంది. ఆశ్రమ పాఠశాలలో ఏదో ఒక తప్పు చేసి, ఇక నేను దేనికీ పనికిరాను అనుకుని బడి మానేసే పిల్లలున్నారు. వాళ్ళకు సీతారామరాజు కంటే మల్లు దొర దగ్గరివాడు. ఆయన కథ వాళ్ళకు చెప్పకుండా దాచిపెట్టడం మంచిది కాదు.

మనవాడు కాని ఒక మనిషిని కూడా తలుచుకోవాలి. ఎస్.ఆర్. శంకరన్ తంజావూరులో పుట్టిన ఐ.ఏ.ఎస్. అధికారి. 1987 డిసెంబరులో తూర్పు గోదావరి ఏజెన్సీలో గుర్తేడు దగ్గర ఇతర అధికారులతో పాటు ఆయన్నీ నక్సలైట్లు పట్టుకుపోయారు. తర్వాత విడిచిపెట్టారు. అంతటితో అడవి వైపు తిరిగి చూడకపోయినా ఎవరూ ఏమీ అనరు. పైగా సానుభూతి చూపిస్తారు. ఆయన పేదల పక్షాన మాట్లాడడం ఆపలేదు. 1990ల చివర్లో ప్రభుత్వానికీ నక్సలైట్లకూ మధ్య మాటలు నడవాలని తిరిగిన పౌర కమిటీకి ఆయనే ముందున్నాడు. 2005లో పద్మభూషణ్ ఇస్తే వద్దన్నాడు. ఆయన ముందున్న తప్పుకునే దారి పేరు కోపం. న్యాయమైన కోపమే. అది కూడా ఒక సుఖమైన దారే అని చాలామంది గమనించరు.

ఇంతవరకూ చెప్పిన దాని మీద ఒక గట్టి అభ్యంతరం ఉంది. దాన్ని దాటవెయ్యకూడదు. ఊళ్ళో మొదటి ఉద్యోగస్తుడు అయినవాడి మీద తమ్ముళ్ళ ఫీజులు, నాన్న ఆసుపత్రి ఖర్చు, అక్క పెళ్ళి అన్నీ పడతాయి. వాడికి భీం కథ చెప్పి త్యాగం చెయ్యమనడం ఏం న్యాయం? పైగా ఆ మాట ఎవరు చెబుతున్నారు? విగ్రహానికి దండ వేసిన అధికారే 2006 అటవీ హక్కుల చట్టం కింద పెట్టుకున్న పోడు దరఖాస్తును ఏళ్ళ తరబడి బల్ల మీద ఉంచుతాడు. భీంను ఆదర్శంగా తీసుకోండి అని మనకు చెబుతాడు. ఆదర్శం మనకు, అడవి వాళ్ళకు. గొప్పవాళ్ళ జీవితాలను పేదవాడిని అదిలించే కర్రగా వాడడం మన దగ్గర కొత్త కాదు.

ఈ అభ్యంతరాన్ని మేము ఒప్పుకుంటాం. తప్పుకునే దారి నిజంగా తెరిచి ఉన్నవాడినే మనం అడగగలం. అప్పులో మునిగి, పిల్లకు జ్వరం వచ్చి సంతకం పెట్టినవాడిని, రెండో బండి కొనుక్కోవడానికి సంతకం పెట్టినవాడిని ఒకే గాటన కట్టలేం. బయటివాళ్ళు ఈ తేడా చూడలేరు. ఊరివాళ్ళు చూడగలరు, పెట్టినవాడికి మాత్రం ఎప్పుడూ తెలుసు.

ఇంకొకటి. మనం పేర్లు చెప్పుకున్న ప్రతి మనిషి వెనుకా పేర్లు లేని వాళ్ళున్నారు. బిర్సాను పట్టిస్తే 500 రూపాయలు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఆ రోజుల్లో అది ఒక కుటుంబం జీవితం మార్చే డబ్బు. చివరికి ఆయన్ని పట్టించినవాళ్ళు కూడా సొంతవాళ్ళే. కానీ అంతకు ముందు ఎన్ని ఇళ్ళలో ఆయన తిన్నాడో, ఎన్ని గూడేల్లో పడుకున్నాడో. ఆ ప్రతి ఇంటికీ ఆ డబ్బు సంగతి తెలుసు. ఆ ఇళ్ళ వాళ్ళు నోరు విప్పలేదు. భీంతో పాటు జోడేఘాట్‌లో ఉన్న ఆడవాళ్ళూ మగవాళ్ళూ కూడా అంతే. గుణం అనే మాటకు పాఠ్యపుస్తకంలో బొమ్మ వెయ్యాలంటే మేము విగ్రహం కంటే ముందు, రాత్రిపూట తలుపు తీసి గిన్నెలో అంబలి పోసిన ఆ ఇంటావిడను వేస్తాం.

అందుకని పంతుళ్ళకు ఒక పని సూచిస్తున్నాం. ఈసారి నవంబరు 15కు పిల్లల చేత పుట్టిన తేదీ, చనిపోయిన తేదీ రాయించడంతో పాటు ఇంటి దగ్గర ఒక ప్రశ్న అడిగి రమ్మనండి: మన ఊళ్ళో ఎవరైనా, తీసుకోగలిగి కూడా వద్దన్నది ఏమైనా ఉందా? సావుకారు చూపిన కాగితం మీద వేలిముద్ర వెయ్యని అవ్వ ఉండవచ్చు. ఊరంతటికీ వస్తేనే నాకూ పట్టా అని కూర్చున్న పటేలు ఉండవచ్చు. కూలి తక్కువిస్తే తునికాకు కట్టలు తిరిగి మోసుకొచ్చేసిన వదినలు ఉండవచ్చు. కొందరు పిల్లలు ఏమీ లేదని వస్తారు. వాళ్ళను మళ్ళీ పంపండి, ఈసారి తాత దగ్గరికి కాక అమ్మమ్మ దగ్గరికి. తెచ్చిన మాటలను వాళ్ళ భాషలోనే ముందు చెప్పించి, తర్వాత తెలుగులో రాయించండి. పేరు, ఊరు, ఏ కాలంలో జరిగిందో రాయించి ఆ కాగితాలను బడి బీరువాలో భద్రం చెయ్యండి. మరుసటి ఏడు వచ్చే పిల్లలకు అవి కావాలి.